చిట్టా ఎవరి ఇంట ఉన్నది?



గత దసరాకు పది రోజుల ముందటి మాట. మెట్‌పల్లిలో చిన్న బట్టల దుకాణం నడుపుకొనే నా పూర్వ విద్యార్థి ఒకడు సాయంకాలం మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "సార్, నా ఉద్దెర లెక్కలు నాకే తెరుచుకుంటలేవు" అన్నాడు.

అతని బేరం సగం ఉద్దెరమీదనే సాగుతుంది. పసుపు అమ్ముడుపోయిన తరువాత కొందరు, దుబాయినుండి కొడుకు పైసలు పంపిన తరువాత కొందరు బాకీ తీరుస్తారు. ఆ బాకీల పట్టిక, సిరిసిల్లనుండి తెచ్చిన సరుకు లెక్క, జి.ఎస్.టి. బిల్లులు సమస్తమూ ఆరేళ్ళుగా ఒక విదేశీ సంస్థవారి క్లౌడ్ ఖాతాలో ఉన్నవి. ఖాతా తెరచిననాడు ఇచ్చిన ఫోను నంబరు తమ్మునిది. తమ్ముడు గల్ఫుకు పోయినాడు, ఆ నంబరు రద్దయినది. ఒకనాడు ఆ సంస్థవారి యంత్రానికి ఏదో అనుమానం కలిగి, ఆ నంబరుకు పంపిన సంకేతాన్ని చెప్పుమన్నది. ఇతడు చెప్పలేకపోయినాడు. తలుపు మూసుకున్నది.

"తప్పు నాదే సార్. గని, అడుగుదామంటే అక్కడ మనిషే లేడు" అన్నాడు.

ఆ మాట నన్ను మన ప్రాంతపు లెక్కల పుస్తకాల చరిత్రలోనికి తీసుకొనిపోయినది. ఆ ఆలోచనలనే ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

మన వర్తకుల ఇండ్లలో పూర్వం రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు వ్యవహారం ఆ రోజు వ్రాసుకొనేది చిట్టా. దానినుండి ఒక్కొక్కరి పేర విడదీసి ఎక్కించుకొనేది ఆవర్జా. దీపావళినాడు కొత్త పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి, మొదటి పుటలో శ్రీకారం చుట్టి లెక్క మొదలుపెట్టేవారు. ఈ మాటలలో అచ్చ తెనుగు వెదకబోతే నిరాశే. ఆవర్జా పారసీకంనుండి వచ్చినది, దస్త్రమూ అంతే. చిట్టా, ఖాతా ఉత్తరాదినుండి దిగినవి. అయినా ఆ పుస్తకం మన ఇంటి గూట్లో ఉండేది, మనకు తెలిసిన లిపిలో ఉండేది, పెట్టె తాళంచెవి మొలకు ఉండేది. మాట పరాయిదైనంత మాత్రాన ఎవరికీ నష్టం కలుగలేదు.

ఆ కాలమే బంగారుకాలమని నేను చెప్పబోవడం లేదు. చెదలు పట్టిన చిట్టాలున్నవి, వానకు తడిసి ముద్దయినవి ఉన్నవి. గొలుసుకట్టు వ్రాతలో గుమాస్తా వ్రాసిన లెక్క యజమానికే తెలియక, గుమాస్తా అలిగితే దుకాణం ఆగిపోయిన సందర్భాలూ ఉన్నవి. అంటే పుస్తకం ఇంట్లో ఉంటే చాలదు. దానిని చదువగలిగి కూడా ఉండవలె. ఈ రెండవ సంగతి దుకాణాలకంటె పొలాల విషయంలో మన తెలంగాణమునకు మరింత బాగుగా తెలుసు.

నిజాం రాజ్యానికి సార్వభౌమత్వ చిహ్నాలు కొదువలేదు. 1869నుండి సొంత తపాలా బిళ్ళలు, 1918నుండి సొంత కాగితపు నోట్లు, సొంత రైళ్ళు ఉండేవి. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు, ఇక్కడిది హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు మారకం. స్వదేశీ సంస్థానాలలో ఇంతటి ఆడంబరం మరొకదానికి లేదు. కాని ఆ రాజ్యంలోని రైతుకు తన పొలం ఎవరి పేర ఉన్నదో తెలిసేదా? గ్రామపు లెక్కలు పట్వారీ సంచిలో ఉండేవి. పై కచ్చేరీలలో వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. అక్షరం రాని రైతు పట్వారీ ఏది చదివి వినిపిస్తే దానినే నమ్మవలసివచ్చేది. పహాణీలో పేరు మారిన సంగతి పొలంలో మరొకరి నాగలి దిగిననాడుగాని బయటపడని కథలు మా తాతల తరం నోట ఎన్నో విన్నాను. నాణెంమీద మన ప్రభువు పేరుండుట వేరు, పహాణీలో మన పేరు మనము చదువుకొనగలుగుట వేరు. మొదటిది రాజ్యపు సార్వభౌమత్వం, రెండవది మనిషిది. మొదటిది ఉన్నచోట రెండవది ఉండితీరునని చరిత్ర చెప్పదు.

1984లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినది. సంచి పోయినది, ప్రశ్న మిగిలినది. 2020 అక్టోబరు 29న భూరికార్డులకు ధరణి పోర్టలు వచ్చినది. దాని సాంకేతిక నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండుటపై, ఆ సంస్థ యాజమాన్యం చేతులు మారుటపై రాష్ట్రంలో పెద్ద వివాదమే నడిచినది. 2024 చివరలో నిర్వహణను కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరుకు అప్పగించినారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి దాని స్థానంలోనికి వచ్చినది. పార్టీల వాదోపవాదాలను పక్కన ఉంచి చూస్తే, పట్వారీ సంచినాటి ప్రశ్నే కంప్యూటరు యుగంలోనూ అడుగవలసివచ్చినదని తెలుస్తుంది.

ఇక లిపి సంగతి. ఇది మనలో తొలినాళ్ళ నుండి జాలంలో తెలుగు వ్రాస్తున్న వారందరి స్వానుభవమే. యూనికోడుకు ముందు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఆ ఫాంటు దించుకొననిదే ఆ పత్రిక చదువలేము. ఒక ఫాంటులో కూర్చిన పుస్తకాన్ని మరొక ఫాంటులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. ఆనాటి డి.టి.పి. దస్త్రాలు మార్పిడి సాధనం లేనిదే ఈనాటికీ చాలామందికి అక్కరకు రావు. ఆ సంకెళ్ళు వేసినది ఏ పరదేశమూ కాదు, చాలామట్టుకు మన దేశపు సంస్థలే. వాటిని విప్పినది మాత్రం విదేశంలో కేంద్రంగల యూనికోడ్ కన్సార్షియం. అయితే అందులోనూ మన చేయి ఉన్నది. భారతీయ లిపులకు మన దేశంలో రూపొందిన 1988నాటి ఇస్కీ ప్రమాణపు అమరికనే 1991లో వెలువడిన తొలి యూనికోడ్ అనుసరించినది. పదేళ్ళకు విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి ఇంటింటికీ చేరినది. తరువాత లేఖిని వంటి సాధనాలు వచ్చినవి, మనకు నోరు వచ్చినది. బహిరంగమైన ప్రమాణం ఉన్నందుననే, మనము వ్రాసినది ఏ కంపెనీ యంత్రంలోనైనా చదువుకొనగలుగుతున్నాము.

ఈ మూడు చరిత్రలనుండి మూడు ప్రశ్నలు తేలుతున్నవి. పుస్తకం ఎక్కడ ఉన్నది? తాళంచెవి ఎవరివద్ద ఉన్నది? మరొకరి పనిముట్టుతో దానిని చదువవచ్చునా? డిజిటల్ సార్వభౌమత్వమని నేడు పెద్దలు సభలలో చెప్పుచున్న మాటను నా విద్యార్థి దుకాణం గల్లాపెట్టె వద్దకు తెస్తే, అది ఈ మూడు ప్రశ్నలే.

తాళంచెవి పరాయిచేతిలో ఉంటే ఏమగునో 2025లో దేశమంతా చూచినది. గుజరాతులోని వాడినార్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49 శాతానికి పైగా వాటా ఉన్నది. జూలై 18న ఐరోపా సమాఖ్య దానిపై ఆంక్షలు ప్రకటించినది. నాలుగు రోజులకు, నయారా డబ్బు చెల్లించి వాడుకొంటున్న సేవలను మైక్రోసాఫ్ట్ నిలిపివేసినది. ఈమెయిళ్ళు సైతం ఆగినవి. ఆంక్షలు మన దేశానివి గావు, మన న్యాయస్థానం ఆజ్ఞ గాదు. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినది. నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చినవి. అంతటి సంస్థకు వకీళ్ళున్నారు. మెట్‌పల్లి బట్టల దుకాణదారు ఏ కోర్టుకు పోవలె?

2018లో అమెరికా చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, ఆ దేశపు న్యాయపరిధిలోని సంస్థలు తమ అధీనంలోని సమాచారం ఏ దేశపు సర్వరులో ఉన్నా, చట్టబద్ధమైన ఆజ్ఞ వచ్చినప్పుడు అందజేయవలసి ఉంటుంది. కనుక సర్వరు హైదరాబాదులో ఉన్నదన్న ఒక్క మాటతో నిశ్చింత లేదు. మన ప్రభుత్వమూ ఊరకున్నది కాదు. చెల్లింపుల సమాచారం దేశంలోనే ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించినది. కంపెనీలు తమ ఎలక్ట్రానిక్ లెక్కల ప్రతిని ప్రతిదినమూ భారతదేశంలోని సర్వరులో భద్రపరచవలెనని 2022 ఆగస్టులో నిబంధన సవరించినారు. అయితే అది రిజిస్టరయిన కంపెనీలకు. ఒంటరి దుకాణదారుకు అతని జాగ్రత్తే నిబంధన.

అట్లని స్వదేశీ ముద్ర చూచి కళ్ళు మూసుకొనుటయు తగదు. ట్విట్టరుకు ప్రత్యామ్నాయంగా 2020లో బెంగళూరులో పుట్టిన కూ తెలుగులోనూ వ్రాసుకొననిచ్చినది. 2024 జూలైలో మూతబడినది. యాహూ గ్రూపులు 2020లో పోయినట్లే ఇదీ పోయినది. యజమాని దేశం ఏదైనా, దుకాణం కట్టివేసిననాడు మన సరుకు మనము తెచ్చుకొనగలమా అన్నదే ప్రశ్న.

ఖాదీ గ్రామోద్యోగ ప్రతిష్ఠాన్ ఉన్న మెట్‌పల్లివారికి ఈ భేదం చెప్పనక్కరలేదు. 1925లో అఖిల భారత చరఖా సంఘాన్ని స్థాపించిన గాంధీ మహాత్ముడు మాంచెస్టరు బట్ట మాని బొంబాయి మిల్లు బట్ట కట్టుమని అనలేదు. స్వదేశపు మిల్లు నూలును సైతం ఖాదీ అంగీకరించదు. రాట్నం వడికేవాని ఇంట ఉండవలె, చెడితే ఊరి వడ్రంగి బాగుచేయగలగవలె. అదే అందులోని కీలకం.

దుకాణానికి అటువంటి రాట్నాలున్నవా? ఉన్నవి. బెంగళూరులో 1986లో మొదలైన ట్యాలీ లెక్కను మన కంప్యూటరులోనే ఉంచుతుంది. అది ఒక సంస్థ సొత్తే అయినా, లెక్కను ఎక్సెల్ పట్టికగా బయటకు తీసుకోవచ్చును. క్లౌడే కావలెనంటే చెన్నైవారి జోహో ఉన్నది. అక్కడ కూడా నెలనెలా ప్రతిని దించుకొనుట మరువరాదు. ముంబయివారు తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్, అంతర్జాతీయంగా ఔత్సాహికులు నిర్మించిన గ్నూక్యాష్, లిబ్రెఆఫీస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. వీని మూలరచన బహిరంగం. చేసినవారు రేపు మానుకున్నా మరొకరు కొనసాగించవచ్చును. వరంగల్లు సమీపాన గంగదేవిపల్లిలో స్వేచ్ఛ సంస్థవారు ఫ్రీడమ్‌బాక్స్ అనే చిన్న సర్వరును గ్రామస్థుల వాడుకకు నెలకొల్పినారు. పల్లెకు సొంత సర్వరు అసాధ్యమన్నవారికి అది సమాధానం.

ఇందులోని కష్టమూ చెప్పవలె. సొంత కంప్యూటరు చెడితే బాగుచేసుకొనవలసినది మనమే. కరెంటు పోతుంది, వైరసు పడుతుంది, దొంగ ఎత్తుకుపోతాడు. క్లౌడువారు ఆ భారాన్ని మోస్తున్నారు గనుకనే జనం వారివద్దకు పోయినారు. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపినాడే గాని ఇంటి దస్తావేజులు దానికి అప్పగించలేదు. మనమూ మేఘాన్ని దూతగా వాడుకోవచ్చు, కోశాధికారిగా కాదు.

నా విద్యార్థి ఖాతా పదకొండు రోజులకు తెరుచుకున్నది. ఎందుకు మూసినారో, ఎందుకు తెరచినారో ఎవరూ చెప్పలేదు. ఈలోగా అతడు పండుగ బేరం మధ్యలో, తండ్రి వాడి వదిలిన పాత పుస్తకం ముందుంచుకొని, గుర్తున్నంతవరకు బాకీలు వ్రాసుకున్నాడు. తీర్చినామని అన్నవారి మాట నమ్మినాడు. ఒక ముసలమ్మను మాత్రం, ఆమె ఎన్నడో కట్టిన పన్నెండు వందలు మళ్ళీ అడిగినాడు. ఆమె మారుమాట లేకుండా కొంగుముడి విప్పి ఇచ్చినదట. ఖాతా తెరుచుకున్న తరువాత, పాత తేదీన ఆమె పేర జమ కనబడినది. పైకం తీసుకొని ఆమె ఇంటికి పోయి, కాళ్ళు మొక్కి తిరిగి ఇచ్చి వచ్చినాడు. "పైసలు తిరిగి ఇచ్చిన సార్. గని ఆమె మొఖం యాదికొస్తనే ఉన్నది" అన్నాడు.

ఇప్పుడతని లెక్క దుకాణంలోని కంప్యూటరులో ఉన్నది. శనివారం సాయంత్రం ఒక ప్రతి చిన్న డిస్కులోనికి ఎక్కించి ఇంటికి తీసుకుపోతాడు. మరొక ప్రతిని తాళం వేసి, అంటే సంకేతబద్ధం చేసి, క్లౌడులో ఉంచుతాడు. ఉద్దెర పట్టికను నెలకొకసారి కాగితంమీద అచ్చు తీస్తాడు. ఆ దీపావళికి నన్ను పిలిచినాడు. లక్ష్మీదేవి పటం ముందు కొత్త ఆవర్జా పక్కన ఆ డిస్కునూ ఉంచి, దానికీ పసుపు కుంకుమ పెట్టినాడు.

నేను వ్రాసుకొనే ఈ పుట సైతం పరాయివారు ఉచితంగా ఇచ్చిన అరుగుమీదనే ఉన్నది. అందుకు కృతజ్ఞుడనే. అతని ఇంటినుండి వచ్చిన రాత్రి, ఇన్నేళ్ళ వ్రాతలనూ నా కంప్యూటరులోనికి దించుకున్నాను. మీరును ఒకసారి చూచుకొనగలరని మనవి.