నీలిరంగు ఆలస్యం

యెల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మాట నోబెల్ బహుమతి దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ బహుమతి ఆయనకు రాలేదన్న బాధ నాకూ లేకపోలేదు. కాని ఆ బాధలో పడి ఆయన చేసిన పని ఏమిటో చదవడం మానేశామని నా ఫిర్యాదు. ఆయన 1895 జనవరి 12న పుట్టిన భీమవరం మా భీమడోలుకు దూరమేమీ కాదు. 2022లో జిల్లాలు విడిపోయేదాకా రెండూ పశ్చిమగోదావరివే. ఆ జిల్లా ఏర్పడిన 1925లోనే, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం వెలువడింది. కాకతాళీయమే, కాని సంవత్సరం గుర్తుంచుకోవడానికి పనికివస్తుంది.

అది భాస్వరాన్ని కొలిచే పద్ధతిని గురించిన వ్యాసం. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేటు చేర్చి, ఆపై క్షయకరణం చేస్తే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. పైకి గుమాస్తా లెక్కలా కనిపించే ఈ పద్ధతి దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిలిచింది. దాని పేరులో ఫిస్కే పక్కన సుబ్బారావు గారి పేరూ నిలిచింది.

అసలు కథ ఆ కొలత తప్పినచోట మొదలైంది. కండరపు రసాన్ని ఇదే విధంగా పరీక్షిస్తే రంగు వెంటనే నిండుగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే సీసా సరిగా కడగలేదని సరిపెట్టుకొనేవారేమో. వీరిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకొన్నారు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదని, తేలికగా విడిపోయే ఒక పదార్థంలో బంధింపబడి ఉండి, పరీక్ష జరుగుతుండగానే విడివడుతున్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుతుంది. ఇది 1927 నాటి మాట. అదే కాలంలో లండనులో ఎగల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గమనించారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చినది మాత్రం హార్వర్డు జంట.

కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల పనిచేస్తుందన్న భావనకు ఇది గొడ్డలిపెట్టయింది. కండర పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల సిద్ధాంతమది. 1929లో ఎ.టి.పి. కూడా బయటపడింది. దానిని సుబ్బారావు గారు ఒక్కరే కనుగొన్నారని మనవాళ్లు వ్రాయడం సరికాదు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరం ప్రకటించాడు. నరాల లోపల సోడియంను బయటికి తోడే యంత్రం నడిచేది ఈ ఎ.టి.పి. తోనే అని 1957లో పీత నరాలపై స్కౌ చూపాడు. అందుకు ఆయనకు 1997లో నోబెల్ దక్కింది.

ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు గారి పరిశోధనల్లో కొన్ని వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందని హిచింగ్స్ అన్నట్లు చెబుతారు. హిచింగ్స్ కూడా అదే ప్రయోగశాలలో పనిచేసినవాడు, 1988లో నోబెల్ అందుకొన్నవాడు. ఆ మాటను తేలికగా త్రోసివేయలేము.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల ఎడంలో సంగ్రహణి బలిగొన్నది. ఆ జబ్బును కుదిర్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం తయారుచేసి 1945లో ప్రకటించింది. వ్యాసకర్తలు పదహారుమంది, పేర్లన్నిటి నడుమ ఎక్కడో ఆయన పేరు. ఈ మందుకు ఒక లోటు ఉన్నదని త్వరలోనే తెలిసింది: హానికర రక్తహీనతలో అది రక్తాన్ని కుదుటపరచినా నరాల క్షయాన్ని ఆపలేదు. నరాలను కాపాడే బి12ను 1948లో ఇతరులు వేరుచేశారు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. వయస్సు 53 ఏళ్లు.

అంతకు ముందు సంవత్సరం లెడర్లీ నుండి వచ్చిన మరొక మందు హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజైన్. బోదకాలు కలిగించే పురుగు మీద అది పనిచేస్తుంది. మా డెల్టాలో బోదకాలు ఎంత పాతదో వేరే చెప్పనక్కరలేదు. 2004 నుండి ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాత్రలు ఆ మందువే. ఇక్కడివాళ్లు దానిని బోదకాలు మాత్ర అనే అంటారు.