ఒప్పుకోలు వెనుక ఉన్న చట్టం

దుగ్గిరాల పసుపు యార్డు చుట్టుపక్కల ఊళ్లలో పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పిల్లల్ని ఎమ్మెస్‌కి అమెరికా పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. పిల్లవాడు అక్కడ ఏదో చిన్న కేసులో ఇరుక్కున్నాడని తెలిస్తే ఇక్కడినుంచి వెళ్లే మొదటి సలహా, "తప్పయిందని ఒప్పేసుకుని, ఫైను కట్టి బయటపడు నాన్నా" అని. ప్రేమకొద్దీ చెప్పే మాటే. కానీ పరాయి దేశస్థుడికి ఆ ఒప్పుకోలుతోనే అసలు కష్టం మొదలవుతుంది.

నేరస్థులు తమ గడ్డమీద దిగకూడదని అమెరికా 1875లోనే చట్టం చేసింది. 1891లో 'నైతిక పతనంతో కూడిన నేరాలు' అన్న మాట చేర్చింది. ఆ మాటకు అర్థమేమిటో చట్టంలో అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ లేదు. దొంగతనం, మోసం అందులోకి వస్తాయని కోర్టు తీర్పులే స్థిరపరిచాయి. ఇంత అస్పష్టమైన మాట పట్టుకుని మనిషిని వెళ్లగొట్టవచ్చా అన్న ప్రశ్న 1951లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మెజారిటీ న్యాయమూర్తులు వెళ్లగొట్టవచ్చనే అన్నారు.

వచ్చి స్థిరపడినవాళ్ల మీదికి ఈ నిబంధన గట్టిగా మళ్లింది 1917లో. దిగిన ఐదేళ్లలోపు అలాంటి నేరం చేసి, ఏడాది లేదా అంతకుమించి శిక్ష పడితే పంపించేయాలన్నారు. (ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసల్ని మూసేసిందీ ఆ చట్టమే.) అయితే అందులో ఒక దయ ఉండేది. శిక్ష వేసిన జడ్జి 30 రోజుల్లోగా 'ఇతణ్ని దేశం దాటించవద్దు' అంటే ప్రభుత్వం దానికి కట్టుబడాల్సిందే. మనిషినీ, అతని సంసారాన్నీ ఎదురుగా చూసినవాడి చేతిలో ఆ అధికారం ఉండటమే న్యాయం. 1990లో దాన్ని పూర్తిగా తీసేశారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద నష్టం అదే.

ఈలోగా 1988లో, చేస్తే దేశం దాటించే 'తీవ్ర నేరాలు' అనే జాబితా పుట్టింది. మొదట అందులో ఉన్నవి హత్య, మత్తుమందుల వ్యాపారం, ఆయుధాల అక్రమ రవాణా. 1996లో జాబితా ఒక్కసారిగా పెరిగిపోయింది. ఏడాది శిక్ష పడిన దొంగతనం, పదివేల డాలర్లు దాటిన మోసం కూడా చేరాయి. శిక్షను సస్పెండ్ చేసినా లెక్కలోకే వస్తుంది. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ పడితే, రాష్ట్ర కోర్టు ఆ తర్వాత కేసు కొట్టేసినా, ఇమిగ్రేషన్ వాళ్లకు అది సాధారణంగా నేరం రుజువైనట్టే.

హోండురస్‌లో పుట్టి, నలభై ఏళ్లు గ్రీన్‌కార్డుతో బతికి, అమెరికా తరఫున వియత్నాం యుద్ధంలో పనిచేసిన హోసే పడియాకు "ఇన్నేళ్లుగా ఉన్నావు, భయం లేదు" అని లాయరు చెప్పాడు. గంజాయి రవాణా కేసులో అతను నేరం ఒప్పుకున్నాడు, దేశం దాటించే ప్రమాదం మీదపడింది. అలాంటి ముప్పు ఉందని ముందే చెప్పడం క్రిమినల్ లాయరు విధి అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

మనవాళ్ల సంగతికొస్తే, ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి కాలేజీలో విద్యార్థుల్ని చేర్పించినందుకు 2019లో ఎనిమిదిమంది మీద కేసు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. నేరం ఒప్పుకున్నారు, జైలుశిక్షలు పడ్డాయి. అందులో చేరిన విద్యార్థుల మీద క్రిమినల్ కేసు లేకపోయినా చాలామంది తిరిగి రావాల్సి వచ్చింది.

కేసు ఎంత చిన్నదైనా, కోర్టులో 'గిల్టీ' అనకముందే ఇమిగ్రేషన్ లాయరును అడగమని మీ పిల్లలకు ఈ రాత్రే ఫోన్‌చేసి చెప్పండి.