కోట్ల కారుకు ట్రాలీ తలుపెందుకు?

అర్ధరాత్రి విమానాల వేళ శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ ర్యాంపు మీద నిలబడితే హైదరాబాద్ సంపదంతా బారులు తీరి కనిపిస్తుంది. అందులో రేంజ్ రోవర్ వచ్చి ఆగితే కాస్త వెనక్కి వెళ్ళి చూడండి. డ్రైవర్ డిక్కీ తీయగానే తలుపు రెండు ముక్కలవుతుంది. పై సగం పైకి లేస్తుంది, కింది సగం ట్రాక్టర్ ట్రాలీ తలుపులా కిందికి వాలుతుంది. కోట్లు పోసి కొన్న బండికి ఈ ఏర్పాటేమిటి?

ఆధారం కోసం 1970 జూన్‌కు వెళ్ళాలి. ఇంగ్లండ్‌లో తొలి రేంజ్ రోవర్ బయటికొచ్చింది అప్పుడే. దాని లోపల తోలు సీట్లు లేవు, చెక్క నగిషీ లేదు. ఉన్నవి వినైల్ సీట్లు, ప్లాస్టిక్ డాష్‌బోర్డు, కాళ్ళ కింద రబ్బరు. బురదైతే పైపుతో నీళ్ళు కొట్టి కడిగేయొచ్చు. పక్క తలుపులు రెండే. పవర్ స్టీరింగూ లేదు. వెనక పలక వాల్చి దాని మీద పొడుగు సామాను నిలపొచ్చు, పొలం గట్టున ఆపితే కూర్చోనూ వచ్చు. తలుపు సంగతి తేలిపోయింది.

సరే, ఇది రైతు బండేనని తీర్పు చెప్పబోతే స్ప్రింగులు అడ్డొస్తాయి. అంతకుముందు అదే కంపెనీ చేసిన లాండ్ రోవర్లకు లారీల మాదిరే కమాన్ పట్టీలుండేవి. ఇంజినీరు స్పెన్ కింగ్ వాటిని తీసేసి నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు పెట్టించాడు. గోతిలో దిగినా చక్రం నేలను వదలకూడదన్నది ఆయన లెక్క. దున్నిన చేలో పట్టు కోసం చేసిన ఆ పనే తారు రోడ్డెక్కేసరికి కుదుపుల్లేని ప్రయాణమైంది. దానికి నాలుగు డిస్క్ బ్రేకులు, అమెరికాలో బ్యూక్ వదిలేసిన డిజైన్ నుంచి తెచ్చుకున్న 3.5 లీటర్ల వీ8 ఇంజిన్ తోడయ్యాయి. నా మటుకు ముడి విడింది ఇక్కడే. ఈ బండికి సుఖం పొలం దారిన వచ్చింది.

హంగులు తర్వాత చేరాయి, అదీ బయటివాళ్ళ చలవే. స్విట్జర్లాండ్‌కు చెందిన మోంటెవర్డి 1980లో నాలుగు తలుపులు పెట్టి అమ్మితే, మరుసటి ఏడాది కంపెనీ తానూ అదే చేసింది. 1992కు ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. విలాసానికి తొలి పేటెంటు దీనిదేమీ కాదు లెండి. అమెరికాలో జీప్ సూపర్ వాగనీర్ 1966లోనే ఏసీ, ఆటోమేటిక్ గేర్లతో తిరిగింది. పిల్లల్ని బడికి దింపడానికి, ఊళ్ళో తిరగడానికి ఇలాంటి బండ్లు వాడటం తెలివితక్కువ పనని 2004లో చెప్పింది ఎవరో కాదు, స్పెన్ కింగే.

ఆ మాట మన దగ్గర ఎవరు విన్నారు? 2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. మూడు రోజులకు, 26న, జాగ్వార్‌ను, రేంజ్ రోవర్ తయారుచేసే లాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు టాటా మోటార్స్ ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగు రోడ్డు తెరుచుకుంది. విమానాశ్రయం, నున్నటి రోడ్డు, బండి యాజమాన్యం ఒకే ఏడాదిలో మన చేతికొచ్చాయి. బురద ఒక్కటే మిగల్లేదు.

2024లో రేంజ్ రోవర్‌ను పుణెలో బిగించడం మొదలుపెట్టారు.