పౌరసత్వం వదులుకోవడం – వెనుకనున్న చరిత్ర

మన సంఘ సమావేశాల్లో డి.ఏ. బకాయిల మాట అయిపోగానే వచ్చే రెండో మాట పిల్లలది. "మా వాడికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది" అని ఒకరు సంతోషంగా చెబితే, పక్కవారు "మరి మన పాస్‌పోర్టు ఏం చేస్తాడు?" అని అడుగుతారు. మా అబ్బాయి విషయంలో నాకూ ఈ ప్రశ్న ఎదురైంది. అప్పుడు చదివి తెలుసుకున్నది తోటి పెన్షనర్లకు మనవి చేస్తున్నాను.

పూర్వం జాతీయతను వదులుకునే హక్కే ఉండేది కాదు. బ్రిటిష్ న్యాయం ప్రకారం రాజుగారి గడ్డపై పుట్టినవాడు చచ్చేవరకు రాజుగారి మనిషే. అమెరికా పౌరులుగా మారిన నావికులను సైతం బ్రిటిష్ నౌకాదళం నడిసముద్రంలో పట్టుకుపోయేది. 1812లో ఆ రెండు దేశాల మధ్య యుద్ధానికి అదొక కారణం. చివరకు 1868లో అమెరికా, 1870లో బ్రిటన్ చట్టాలు చేసి, మనిషి తన జాతీయతను మార్చుకోవచ్చునని ఒప్పుకున్నాయి.

అయితే ఉన్నది వదిలి, కొత్తది పోగొట్టుకుంటే ఏమౌతుంది? పెషావరుకు చెందిన వైష్ణోదాస్ బగాయ్ 1915లో భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. అక్కడ దుకాణం పెట్టుకున్నారు. 1921లో బ్రిటిష్ విధేయతను వదులుకొని అమెరికా పౌరులయ్యారు. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఇచ్చిన పౌరసత్వాలను ప్రభుత్వం రద్దు చేయసాగింది. బగాయ్ గారి ఆస్తి పోయింది. స్వదేశం చూసివద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. కాదనుకున్న ప్రభుత్వం దగ్గరకు తిరిగిపోవడానికి ఆయన మనసొప్పలేదు. 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. భారతీయులకు ఆ అర్హత మళ్లీ 1946లో గాని రాలేదు. ఈనాడు మన పిల్లలు సులువుగా చేస్తున్న ప్రమాణం వెనుక ఇంత కథ ఉంది.

ఇక మన దేశం సంగతి. రాజ్యాంగంలోని పౌరసత్వపు అధికరణాలు తక్కినవాటికంటే ముందే, 1949 నవంబరు 26నాడే అమలులోకి వచ్చాయి. కోరి పరాయి దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారు భారత పౌరులు కారని 9వ అధికరణం చెబుతుంది. 1955 పౌరసత్వ చట్టం దీన్నే విస్తరించింది. అందులో 8వ సెక్షను వదులుకోవడం గురించి, 9వ సెక్షను దానంతటదే పోవడం గురించి. పరదేశ పౌరసత్వం కోరి తీసుకున్న క్షణానే మన పౌరసత్వం పోతుంది. తరువాత మన దౌత్య కార్యాలయంలో చేసేది కాగితాల పని మాత్రమే. అయినా అది తప్పదు. పాత పాస్‌పోర్టును అప్పగించి, దానిపై రద్దు ముద్ర వేయించి, సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేస్తే నేరం. 8వ సెక్షను కింద వదులుకున్నవారి మైనరు పిల్లలకు కూడా పౌరసత్వం పోతుంది. వారు మేజరైన ఏడాదిలోగా తిరిగి కోరుకోవచ్చు.

ద్వంద్వ పౌరసత్వం కావాలని ప్రవాసులు చాలాకాలం అడిగారు. ఎల్.ఎం. సింఘ్వీ గారి కమిటీ 2002 జనవరిలో నివేదిక ఇచ్చింది. 2003, 2005 సవరణల తరువాత, 2006 జనవరిలో మన హైదరాబాదులోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో తొలి ఓ.సి.ఐ. కార్డులు అందజేశారు. పేరులో 'సిటిజన్' అని ఉన్నా అది పౌరసత్వం కాదు. జీవితాంతం వీసాతో పని లేదు గాని ఓటు లేదు, చట్టసభలకు పోటీ లేదు. వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు, కొనడానికి వీలులేదు.

పిల్లల దగ్గరకు గ్రీన్‌కార్డుపై వెళ్లే మన సభ్యులు మాత్రం కంగారుపడనక్కరలేదు. అది నివాసపు అనుమతి మాత్రమే, పౌరసత్వం మారదు.

మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మా అబ్బాయి తాను భారతీయుడు కానని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు రద్దయిన పాస్‌పోర్టు నా చేతికిచ్చి "నాన్నా, ఇది నీ దగ్గరే ఉంచు" అన్నాడు. మా ఆవిడ దాన్ని బీరువాలో ఇంటి దస్తావేజుల కింద దాచింది. నేను కొత్త పాస్‌పోర్టు తిరగేసి చూశాను. పుట్టిన చోటు అన్న గడిలో ఇండియా అనే ఉంది.

సభ్యులు తమ పిల్లల పాత పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, జనన పత్రాలు ఒకచోట భద్రపరచవలసిందిగా మనవి. ఓ.సి.ఐ. కార్డు కోరేటప్పుడు ఆ కాగితాలే అడుగుతారు.