రేడియో నియంత్రిత నమూనా విమానాలలో ఫ్లాపులు

రేడియో నియంత్రిత నమూనా విమానపు రెక్కల వెనుక అంచున, మొండేనికి దగ్గరగా అమర్చిన, క్రిందికి వంగే పలకలను ఫ్లాపులు అంటారు. ఇవి రెండు రెక్కలపైనా ఒకేసారి, ఒకే కోణంలో దిగుతాయి. రెక్కల చివరల వైపు ఉండే ఐలెరాన్లు చూడడానికి ఇలాగే ఉన్నా వాటి పని వేరు: ఒకటి పైకి లేచినపుడు రెండవది క్రిందికి దిగి విమానాన్ని ప్రక్కకు ఒరిగిస్తాయి. ఫ్లాపులు దించినపుడు విమానం తక్కువ వేగంతో కూడా గాలిలో నిలువగలదు, ఏటవాలుగా దిగగలదు. హైదరాబాదులోని కొండాపూర్ వలె ఖాళీ స్థలాలు కుంచించుకుపోయిన ప్రాంతాలలో, చిన్న మైదానంలో విమానాన్ని దించవలసి వచ్చినపుడు వీటి ప్రయోజనం ఎక్కువ. అయితే నేలకు దగ్గరలో వీటిని పొరపాటుగా వాడితే ఇవే విమానం కూలడానికి కారణమవుతాయి.

పని చేసే విధానం

రెక్క అడ్డుకోతలో ఉండే వంపు పెరిగితే, అదే వేగం వద్ద రెక్క పుట్టించే లిఫ్ట్ (పైకెత్తే బలం) కూడా పెరుగుతుంది. ఫ్లాపు దించడమంటే విమానం ఎగురుతూండగానే ఈ వంపును పెంచడమే. లిఫ్ట్‌తో పాటు డ్రాగ్ (గాలి నిరోధం) కూడా పెరుగుతుంది. మొదటి 10-20 డిగ్రీలలో లిఫ్ట్ లాభం ఎక్కువ, డ్రాగ్ నష్టం తక్కువ. 40 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి లిఫ్ట్ అంతగా పెరగదు, డ్రాగ్ మాత్రం బాగా పెరుగుతుంది. అందువలన టేకాఫ్‌కు కొద్దిగాను, ల్యాండింగ్‌కు ఎక్కువగాను ఫ్లాపులు దించుతారు.

వేగం తగ్గేకొద్దీ విమానం ఎత్తు కోల్పోకుండా ఉండడానికి దాని ముక్కును పైకెత్తవలసి వస్తుంది. ఆ కోణం హద్దు దాటితే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి విడిపోయి లిఫ్ట్ పడిపోతుంది. దీనిని స్టాల్ అంటారు. 1.5 కిలోల బరువు, 0.30 చదరపు మీటర్ల రెక్క వైశాల్యం గల నమూనా విమానాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రెక్క గరిష్ఠ లిఫ్ట్ గుణకం 1.1 అనుకుంటే, హైదరాబాదు వేసవి గాలిలో అది గంటకు సుమారు 33 కిలోమీటర్ల వద్ద స్టాల్ అవుతుంది. ఫ్లాపులతో గుణకం 1.5కు చేరితే ఈ వేగం సుమారు 28 కిలోమీటర్లకు తగ్గుతుంది. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక నేలను తాకేటప్పుడు విమానంలో ఉండే శక్తి నాలుగవ వంతుకు పైగా తగ్గుతుంది. విమానం దొర్లే దూరం, గోడకో మనిషికో తగిలితే కలిగే దెబ్బ కూడా ఆ మేరకు తగ్గుతాయి.

రకాలు

నమూనాలలో ఎక్కువగా కనిపించేది మడతబందుపై వంగే సాదా ఫ్లాపు. రెక్క అడుగు భాగం మాత్రమే దిగే స్ప్లిట్ ఫ్లాపును 1920లో ఆర్విల్ రైట్, జేమ్స్ జేకబ్స్ రూపొందించారు. వెనుకకు జరుగుతూ దిగి రెక్క వైశాల్యాన్ని కూడా పెంచే ఫౌలర్ ఫ్లాపును 1924లో హార్లన్ ఫౌలర్ కనుగొన్నాడు. నిజ విమానాలకు నకళ్ళుగా చేసే స్కేల్ నమూనాలలో తప్ప ఇవి అరుదు. ప్రత్యేక ఫ్లాపులు లేని విమానంలో ఐలెరాన్లు రెండింటినీ కలిపి దించితే వాటిని ఫ్లాపెరాన్లు అంటారు. ఇవి చవకైన ఉపాయమే గాని, రెక్క కొనలు ముందుగా స్టాల్ అయ్యే ప్రమాదం ఉంది. రేడియో గ్లైడర్లలో ఫ్లాపులను బాగా దించి ఐలెరాన్లను పైకెత్తే క్రో పద్ధతి ఈ లోపాన్ని తప్పిస్తుంది. తీగలతో పట్టి త్రిప్పే కంట్రోల్ లైన్ విన్యాస విమానాలలో ఫ్లాపులు ఎలివేటర్‌కు వ్యతిరేక దిశలో కదులుతూ ఉంటాయి. అక్కడ అవి ల్యాండింగ్ కొరకు కాక చిన్న వలయాలు తిరగడానికి ఉపకరిస్తాయి.

అమరిక

ఒక్కొక్క ఫ్లాపుకు ఒక సర్వో మోటారు ఉంటుంది. రెండు సర్వోలను అద్దంలో ప్రతిబింబాల వలె బిగించి వై-తీగతో ఒకే ఛానెల్‌కు కలిపితే ఒక ఫ్లాపు దిగి మరొకటి పైకి లేస్తుంది. ఐలెరాన్లకు కావలసినది అదే కనుక కొత్తవారు ఇక్కడ తరచు పొరబడతారు. ఒక సర్వోను త్రిప్పి బిగించడం గాని, రెండింటికీ వేరువేరు ఛానెళ్ళు ఇవ్వడం గాని చేయాలి. రెండు ఫ్లాపుల మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉన్నా, దించగానే విమానం ఒక ప్రక్కకు ఒరుగుతుంది.

ట్రాన్స్‌మీటరుపై మూడు స్థానాల స్విచ్చును వాడి మూసిన, సగం, పూర్తి స్థానాలు ఏర్పరుస్తారు. ఫ్లాపులు ఒక్కసారిగా కాక సుమారు రెండు సెకన్లలో మెల్లగా కదిలేలా పెట్టుకోవడం మంచిది.

ఎలివేటర్ సవరణ

ఫ్లాపులు దించగానే అనేక నమూనాలు, ముఖ్యంగా రెక్క మొండెంపై ఉండేవి, ముక్కు పైకెత్తి ఎగసిపోతాయి. కొన్ని నమూనాలు ముక్కు దించుతాయి. ఏది ఎలా చేస్తుందో ఎగురవేసి చూస్తేనే తెలుస్తుంది. కనుక మొదటి పరీక్ష బాగా ఎత్తులో, తగ్గించిన వేగంతో చేయాలి. ముందు సగం ఫ్లాపులు దించి, విమానం సమంగా సాగడానికి ఎలివేటర్‌ను ఎటు, ఎంత నొక్కవలసి వచ్చిందో గుర్తుంచుకుని, ఆ మేరకు ట్రాన్స్‌మీటరులో ఫ్లాపు-ఎలివేటర్ మిశ్రమం అమర్చాలి. పూర్తి ఫ్లాపులకు విడిగా మరల చూడాలి; సగానికి సరిపోయిన సవరణను రెట్టింపు చేస్తే సరిపోతుందనే హామీ లేదు. అదే ఎత్తులో ఫ్లాపులతో స్టాల్ చేయించి విమానం ఎటు ఒరుగుతుందో కూడా తెలుసుకోవాలి.

ల్యాండింగ్‌లో

గాలికి ఎదురుగా తిరగక ముందే సగం ఫ్లాపులు, చివరి దారిలో పూర్తి ఫ్లాపులు దించుతారు. డ్రాగ్ పెరిగినందున ఇంజను లేదా మోటారు కొద్దిగా నడుస్తూ ఉండాలి. థ్రాటిల్ పూర్తిగా మూస్తే వేగం చాలా త్వరగా పడిపోతుంది. ఎక్కువ ప్రమాదాలకు మూలం మరొకటి: దిగడం కుదరదని తోచి మళ్ళీ పైకి లేవబోతూ ఫ్లాపులను ఒక్కసారిగా మూసివేయడం. అపుడు విమానం ఉన్న వేగం ఫ్లాపులు లేని స్టాల్ వేగం కంటే తక్కువై, నేరుగా నేలకు వాలుతుంది. ముందు థ్రాటిల్ పెంచి, వేగం వచ్చిన తరువాత సగానికి, ఆపైన పూర్తిగా మూయాలి.

హైదరాబాదు పరిస్థితులు

హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరినపుడు ఇక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల ప్రామాణిక గాలి కంటే సుమారు 14 శాతం తక్కువ. దీనివలన స్టాల్ వేగం 7-8 శాతం పెరుగుతుంది. పై ఉదాహరణలోని విమానం ప్రామాణిక గాలిలో 31 కిలోమీటర్ల వద్దనే స్టాల్ అయ్యేది. అనగా ఫ్లాపులు ఇచ్చే లాభంలో కొంత భాగం ఎండకే పోతుంది. ఉదయం వేళ ఎగురవేయడానికి ఇదొక కారణం. నైరుతి ఋతుపవన కాలంలో పడమటి గాలి బలంగా వీచే రోజులలో సగం ఫ్లాపులే మేలు. ఎదురుగాలి నేలపై వేగాన్ని ముందే తగ్గిస్తుంది, పూర్తి ఫ్లాపులతో ఉన్న తేలికపాటి విమానాన్ని గాలి విసురు సులభంగా ఎత్తి పడవేస్తుంది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో భవనాలు వేగంగా పెరిగాయి. మిగిలిన ఖాళీ స్థలాల చుట్టూ ఇళ్ళు, విద్యుత్ తీగలు ఉన్నందున, విమానం నెమ్మదిగా దిగగలిగినా జనం పైనుండి దించడం తగదు. 2008లో వాణిజ్య విమానాలు శంషాబాదుకు తరలినా, కొండాపూర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని బేగంపేట విమానాశ్రయం మూతపడలేదు. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. ఎగురవేసే ముందు ఆ స్థలం ఏ మండలంలో ఉందో ప్రభుత్వ గగనతల పటంలో చూసుకోవాలి. పసుపు మండలంలో వాయు రవాణా నియంత్రణ అధికారుల అనుమతి అవసరం.