మన వైపు పెట్రోలు చవక, మరి బండికి మంచిదేనా?



పోయిన ఆదివారం సంఘం సమావేశంలో లెక్కలు ముగిశాక మాట పెట్రోలు మీదికి మళ్లింది. చిత్తూరు నుంచి వచ్చిన ఒక బంధువు, "మీ తమిళనాడు పెట్రోలు చవకే గానీ, అందులో ఏదో కలుపుతారంట, ఇంజను చెడిపోతుందంట" అన్నారు. తలా ఒక మాట అన్నారు. ఆయన మాత్రం తిరిగి వెళ్లేటప్పుడు క్రిస్టియన్‌పేట దగ్గర ట్యాంకు నిండా పోయించుకునే వెళ్లారు! నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

1911 దాకా మన మేల్పాడి, వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. అయినా రెండూ మద్రాసు రాజధానిలోనివే కాబట్టి ధర విషయంలో ఆ గీతకు అర్థం లేదు.

1938లో మధ్యపరగణాల ప్రభుత్వం పెట్రోలు అమ్మకం మీద పన్ను వేసింది. ఆ అధికారం రాష్ట్రాలకు ఉందా లేదా అన్న తగవు ఫెడరల్ కోర్టు దాకా పోయింది. ఉందని కోర్టు తేల్చింది. మరుసటి ఏడే, రాజాజీ ప్రభుత్వ కాలంలో, మద్రాసు కూడా మోటారు స్పిరిట్ అమ్మకపు పన్ను చట్టం చేసింది. అప్పుడు వేలూరులో కట్టే పన్నే చిత్తూరులోనూ కట్టేవారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. చిత్తూరు అటు, మనం ఇటు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చింది. పరదరామి దాటితే వేరే రాష్ట్రం, వేరే ఖజానా, వేరే పన్ను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి సబ్బుకూ సిమెంటుకూ దేశమంతా ఒకే పన్ను చేసింది. పెట్రోలును మాత్రం అందులో చేర్చలేదు. మన సరిహద్దు గీత ఈనాటికీ చెరిగిపోకుండా కనిపించే చోట్లలో పెట్రోలు బంకు బోర్డు ఒకటి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2021 ఆగస్టులో తమిళనాడు పెట్రోలు పన్నును లీటరుకు సుమారు 3 రూపాయలు తగ్గించింది. అప్పటి నుంచి ఇక్కడి వ్యాట్ 13 శాతం, పైన 11 రూపాయల 52 పైసలు. ఆంధ్రలో 31 శాతం, పైన 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకొక రూపాయి. పన్నుకు ముందు ధర 75 రూపాయలు అనుకోండి. ఇక్కడ పన్ను 21 రూపాయల 27 పైసలు, అక్కడ 28 రూపాయల 25 పైసలు. దగ్గర దగ్గర 7 రూపాయల తేడా పన్నులోనే వచ్చేసింది. సరుకులో ఏమీ తగ్గించనక్కర్లేదు.

సరుకు సంగతి కూడా చెబుతాను. రెండు రాష్ట్రాల్లోనూ పెట్రోలుకు ఒకటే భారతీయ ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనమే. కంపెనీలు ఒకదాని రిఫైనరీ సరుకు ఇంకొకటి తీసుకుని అమ్ముకోవడం కూడా మామూలే. ఇథనాల్ కలపడం తమిళనాడు వాళ్ల పనని కొందరు అనుకుంటున్నారు. అది కేంద్రం పెట్టిన పథకం, చిత్తూరులోనూ ఉన్నదే. దానివల్ల మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత బండ్లలో రబ్బరు భాగాలు గమనించుకోవాలి. ఆ జాగ్రత్త గీతకు రెండు వైపులా ఒకటే.

మరి ఆ భయం ఎక్కడిది? నిప్పు లేనిదే పొగ రాదు. చవక పెట్రోలుకు ఇంకొక చరిత్ర ఉంది, అది చీకటిది. పేదల పొయ్యి కోసం ప్రభుత్వం కిరసనాయిలును రేషన్లో చవకగా ఇచ్చింది. 2005లో ఢిల్లీలో అది లీటరు 9 రూపాయల చిల్లర, పెట్రోలు 40 దాటింది. ఆ తేడాయే దొంగలకు దారి చూపింది. రేషన్ సరుకు గుర్తుపట్టడానికి నీలి రంగు కలిపారు. 2006లో రసాయన గుర్తు కూడా తెచ్చారు, అది ఎక్కువ కాలం నిలవలేదు.

కిరసనాయిలు కలిసిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది, ఇంజను టకటక కొడుతుంది. సరిగా ఆవిరి కాని భాగం మసిగా పేరుకుంటుంది, ప్లగ్గు చెడుతుంది. మిగిలింది కిందికి జారి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది. ఒక్క రోజులో తెలియదు, నెమ్మదిగా తినేస్తుంది.

దీన్ని ఆపబోయిన వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనకు ఎంతో దూరం లేని కోలారు బంగారు గనుల ఊరి బిడ్డ మంజునాథ్ షణ్ముగం ఇండియన్ ఆయిల్ అధికారిగా ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీలో కల్తీ బంకును పట్టుకున్నాడు. 2005 నవంబరు 19న అతన్ని కాల్చి చంపారు. వయసు 27. 2011 జనవరి 25న మహారాష్ట్ర మన్మాడ్ దగ్గర కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు.

కాబట్టి చవక రెండు రకాలు. పన్ను తగ్గి వచ్చిన చవక బోర్డు మీద అందరికీ కనబడుతుంది, దాంతో ఇంజనుకు హాని లేదు. సరుకు మార్చి సంపాదించే లాభం బోర్డు మీద కనబడదు, మన దగ్గర పూర్తి ధరే తీసుకుంటారు. అసలు మోసం అది. రోడ్డు పక్కన సీసాల్లో, డబ్బాల్లో తక్కువకు ఇచ్చేది ఎంత చవకైనా వద్దు.

అనుమానం వస్తే బంకులోనే ఫిల్టరు కాగితం అడగండి, అది మన హక్కు. ఒక చుక్క వేస్తే పెట్రోలు ఆరిపోవాలి, జిడ్డు మరక మిగిలితే సరుకు మంచిది కాదు. సాంద్రత కూడా చూపించమనండి. 15 డిగ్రీలకు లెక్కగట్టిన అంకె రిజిస్టరులో ఉన్నదానికి 3 పాయింట్లకు మించి తేడా రాకూడదు. బిల్లు తీసుకోండి.

చిత్తూరు బంధువు ఇది చదువుతారని తెలుసు. మామా, ఈసారి వచ్చినప్పుడు కూడా ధైర్యంగా ట్యాంకు నింపుకోండి. కాగితం మాత్రం అడగండి, ఇక్కడైనా అక్కడైనా.