మర్కజా అంటే నల్ల చుక్కేనా?

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాపీలో గుండ్రంగా గీసి ‘ఖలియా’ అని, మధ్యలో పెన్సిల్‌తో నల్ల చుక్క పెట్టి ‘మర్కజా’ అని రాసేవాళ్లం. తెలుగులో కణం, కేంద్రకం. ఆ చుక్కలో ఏముందో ఉస్తాద్ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొన్న జలంత్రకోటలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ చుక్క మళ్లీ గుర్తొచ్చింది. ఆ ఇంటి అబ్బాయికి కండరాలు సన్నబడుతున్నాయి. డాక్టర్ ‘జీన్‌లో తేడా ఉండొచ్చు’ అన్నారట. అంతే, ‘తల్లి ఖాందాన్ ఖూన్’ అని ఫూఫీ తేల్చేసింది. ఆ తల్లి దస్తర్‌ఖాన్ సర్దుతూ తల ఎత్తలేదు.

మన ఒక్కో ఖలియాలో దాదాపు 2 మీటర్ల డి.ఎన్.ఏ. ఉంటుంది. కంటి కణంలోనూ కండరంలోనూ అదే కితాబ్. మరి కన్ను కన్నులా, కండ కండలా ఎలా ఉంటాయి? ఏ సఫా తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నదాంట్లో ఉంది కిటుకు.

1928లో ఎమిల్ హైట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాచు మొక్కల కణాల్లో ఎప్పుడూ చిక్కగా ముడుచుకునే ఉండే భాగాలు చూశాడు. 1949లో కెనడాలో ముర్రే బార్, బెర్ట్రమ్ ఆడపిల్లుల నరాల కణాల్లో ఒక నల్ల చుక్క కనిపెట్టారు. మగపిల్లుల్లో అది లేదు. అంటే మా నల్ల చుక్కలో ఇంకో నల్ల చుక్క! ఆడవాళ్లలో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి ఖామోష్ అయిపోతుందని 1961లో మేరీ లయన్ చెప్పింది. ముడుచుకున్న ఆ ఎక్సే ఈ చుక్క.

ఇక మన హైదరాబాద్ ముచ్చట. హబ్షీల పేరు మిగిలిన హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. 1977లో పి.ఎం. భార్గవ మొదలుపెట్టిన సంస్థ. అక్కడ వీణా పర్నాయక్ బృందం లామిన్ అనే ప్రోటీన్ వెంట పడింది. మర్కజా లోపలి దీవార్‌కు ఆనుకుని జాలీలా అల్లుకుని ఉండేది ఇదే. ఆ జాలీని అంటుకుని ఉన్న జీన్లు ఎక్కువగా నిద్రలోనే ఉంటాయి.

లామిన్ దీవార్ దగ్గరే కాదు, లోపల చిన్న చిన్న మచ్చల్లానూ ఉందని, జీన్ నకలును కత్తిరించి అతికించే ప్రోటీన్లు కూడా ఆ మచ్చల్లోనే ఉన్నాయని 1999లో వాళ్లు చూపించారు. 2002లో ఇంకో అడుగు వేశారు. మందు వేసి జీన్ల నకలు ఆపితే మచ్చలు ఉబ్బాయి. మందు తీసేస్తే మామూలయ్యాయి. తర్వాత తిరగేసి చూశారు. మార్చిన లామిన్‌తో మచ్చలను చెదరగొట్టారు. దీవార్ సలామత్‌గానే ఉంది, కానీ నకలు తగ్గిపోయింది. నాకు ఈ తిరగేయడమే భలే నచ్చింది. జర్నలిస్టులం మేమైతే మొదటి దానితోనే హెడ్డింగ్ పెట్టేసేవాళ్లం.

లామిన్ జీన్ చెడితే ఒక రకం కండరాల క్షీణత వస్తుందని 1999లోనే తేలింది. పిల్లలు త్వరగా ముసలివాళ్లయ్యే ప్రొజీరియా కూడా అదే జీన్‌లో ఒక్క అక్షరం మారడం వల్లేనని 2003లో బయటపడింది.

ఆ అబ్బాయిది ఇదే జబ్బు అని నేననడం లేదు. కొన్ని కండరాల జబ్బులు తల్లి వైపు నుంచి వస్తాయి, అదీ నిజమే. కానీ లామిన్ తేడా తండ్రి నుంచీ రావచ్చు. అమ్మీ అబ్బా ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగానూ పుట్టవచ్చు.

ఈ మాట ఫూఫీ ముందే చెప్పాను. ‘అయితే టెస్టులో తెలుస్తుందా భాయ్?’ అని ఆ తల్లి మొదటిసారి నోరు విప్పింది. తెలియొచ్చన్నాను. ఇద్దరి నుంచీ రక్తం తీసి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు.